మూడో తొవ్వ

ఇంట్లో నేను సదయ్యను. బాయిలో లింగమూర్తిని.

రెండు పేర్లతో బతకడం పెద్ద కష్టమేమీ కాదు. గేటు దాటేటప్పుడు ఒకటి తొడుక్కోవాలి, ఇంటికొచ్చాక విడవాలి, బూట్ల లాగా. మా కాలనీలో అట్లాంటివాళ్లు ఇంకా ఉండేవారు. మారుపేరువాళ్లు అనేవారు మమ్మల్ని. ఎవరం దాచుకోలేదు, ఎవరం చెప్పుకోలేదు.

లింగమూర్తి నా భార్య సమ్మవ్వకు అన్న, నాకు బావ. బొగ్గు బాయిలో పనికి రమ్మని కాగితం వచ్చింది ఆయనకే. ఒక్క షిఫ్టు దిగాడు. పైకొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "నెత్తి మీద ఆకాశం లేకుంటే నాతోని గాదు బావా. నాకు బాయి వద్దాయె, నీకు భూమి లేకపాయె. పేరే గదా, తీస్కపో" అన్నాడు. తీసుకుపోయాను. ఆయన తండ్రి గట్టయ్య పేరు కూడా దానితోపాటే వచ్చింది.

ఏటవాలు బాటలో బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే ఇంజను ఒకటి ఉంటుంది. దాన్ని హాలర్ అంటారు. నా కొలువంతా దాని పక్కనే గడిచింది. కింద నుండి గంట కొడతారు. ఆ గంటను బట్టి లాగాలి, ఆపాలి. మాటతో అవసరం లేని పని. నాకు సరిపోయింది.

ఈ పేరుతో సుఖపడింది సమ్మవ్వ. మా దిక్కు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. దవాఖానలోనో రేషన్ షాపులోనో అడిగితే పక్కనున్న వాళ్ల మొహం చూస్తారు, వాళ్లు చెప్తారు. సమ్మవ్వకు ఆ తిప్పలు లేవు. "లింగమూర్తి" అని గట్టిగా చెప్పేది. అన్న పేరు చెప్పడానికి సిగ్గేముంది? దవాఖానలో చీటీ రాసే గుమాస్తా ఒకసారి కలం ఆపి, "మొగని పేరు గింత ధైర్యంగ చెప్పేదాన్ని నిన్నే చూసిన" అన్నాడు.

"నా మొగడు గసొంటోడు" అన్నది సమ్మవ్వ.

నా సొంత పేరు మాత్రం ఆమె నోట నేనెన్నడూ వినలేదు. "గిటు ఇను", "మమత నాయినా" - ఇవే నా పేర్లు.

తెలంగాణ రావడానికి ముందటి ఎండాకాలం అది. మా ఒక్కగానొక్క బిడ్డ మమత డిగ్రీ కంప్యూటర్లు చదివి, గోదావరిఖని చౌరస్తా దగ్గర ఒక మేడ మీది ఆఫీసులో పనికి కుదిరింది. ఆ ఆఫీసు సత్తిబాబుది. రాజమండ్రి దిక్కు నుండి వచ్చినాయన. పెద్ద ఆఫీసుల కాగితాల పని తెచ్చుకుని కంప్యూటర్లో చేసిస్తుండేవాడు. ఆ ఎండాకాలం ఆయనకు దొరికిన పని బావ ఊరిదే.

రామగిరి గుట్టకు ఇవతల ఉండే ఆ ఊరు, నేలను పై నుండే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గనిలో పోతున్నది. భూమి పోయిన ఇంటికి ఒక కొలువు ఇస్తారు. ఇంటి పెద్దమనిషి ఇదివరకే కంపెనీలో ఉంటే ఆ ఇంటికి ఇవ్వరు. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి వద్దు అని ఏరి పెట్టే పని సత్తిబాబుకు వచ్చింది. ఆయన మమతకు ఒక లాప్‌టాప్ ఇచ్చి, వానలు పడేలోగా ఏరి పెట్టమన్నాడు.

నేను ఫస్టు షిఫ్టు చేసి వచ్చేసరికి మమత కూలరు ముందు మంచం మీద కూర్చుని అదే చేస్తున్నది. తెర నిండా చిన్న చిన్న డబ్బాలు. డబ్బా నుండి డబ్బాకు గీతలు. ఒక డబ్బాను వేలితో పట్టి ఈడ్చుకొచ్చి ఇంకోదాని పక్కన పెడుతున్నది.

"ఏందే గది? చిన్నపోరలు బొగ్గుతోని గోడ మీద ఇండ్లు గీసినట్టు" అన్నది సమ్మవ్వ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"గిదే పని అవ్వా. దీంట్ల రాసుడు తక్కువ. డబ్బాలు తెచ్చి పెట్టుడు, గీతలు కలుపుడే. ఒక్కో డబ్బాకు ఒక్కో పని చెప్తం."

"గీతలు గీస్తె జీతమిస్తరా?"

"సరిగ్గ గీస్తె."

నేను వెనక నిలబడి చూశాను. మమత నా దిక్కు తిప్పి చూపించింది.

"గీ డబ్బాల ఊరోళ్ల పట్టిక ఉన్నది నాయినా. గీ కింది డబ్బాల కంపెనీ పనోళ్ల పట్టిక. రెండు వచ్చి గీ నడుమ డబ్బాల కలుస్తయి. పేరు, తండ్రి పేరు, ఊరు, మూడు కలిసినోళ్లు గీ తొవ్వల పోతరు. ఆళ్లకు కొలువున్నట్టు. కలువనోళ్లు గా తొవ్వల పోతరు. ఆళ్లకు ఇయ్యాలె."

అది నాకు తెలిసిన పనిలాగే ఉంది. పట్టాల మీద టబ్బులు వస్తాయి. పట్టాలు చీలే చోట కొన్ని ఇటు, కొన్ని అటు. ప్రతి డబ్బా కింద మూడు చిన్న దీపాలున్నాయి. ఎర్రది వెలిగితే డబ్బాకు ఇంకా పని చెప్పలేదని. పసుపుదైతే తయారుగా ఉందని. పచ్చది వెలిగితే పనైపోయిందని.

"ఆఖరి డబ్బా నుంచి నడిపియ్యాలె గదా" అన్నాను. బాయిలో బెల్టులు అట్లే నడుపుతారు. ముందు బయటి బెల్టు, తర్వాత లోపలిది. లేకుంటే బొగ్గు అడ్డంపడి కుప్పవుతుంది.

మమత నవ్వింది. "గట్లయితే ఏం నడువది నాయినా. గిది మీ బెల్టు గాదు. ముందటి డబ్బాల పట్టిక పోస్తెనే ఎనుకటి దానికి పని."

సరే అన్నాను. నాకు తెలియని పని.

ఆమె ఒక మీట నొక్కింది. దీపాలు ఒకదాని వెనుక ఒకటి పచ్చగా అయ్యాయి. మమత ఆఖరి డబ్బా తెరిచి చూసింది. కొలువు ఇవ్వాల్సిన వాళ్ల పట్టిక పై నుండి కింద దాకా చూసింది. మళ్లీ పైకి పోయింది. తర్వాత రెండో పట్టిక తెరిచింది.

"మామ గీ తొవ్వల పోయిండు" అన్నది.

"ఏ తొవ్వ?" అన్నది సమ్మవ్వ.

"కొలువున్నోళ్ల తొవ్వ."

ఎందుకో అందరికీ తెలుసు. లింగమూర్తి, తండ్రి గట్టయ్య, కంపెనీలో హాలర్ నడుపుతున్నాడు. ఆ లింగమూర్తిని నేను. బావ కొడుకు అంజికి రావాల్సిన కొలువు అక్కడ ఆగింది.

సమ్మవ్వ ఏరిన బియ్యం చాటలో ఇంకోసారి చెరిగింది. రాళ్లేమీ లేవు.

ఆదివారం బాయికి సెలవు. ప్లే డే అంటాం. మమత లాప్‌టాప్ తీగ ఇంట్లో మరిచిపోయిందని ఫోన్ చేస్తే తీసుకుపోయాను. మేడ మీది ఆఫీసులో నాలుగు కుర్చీలు, గోడకు తిరుపతి వెంకన్న. సత్తిబాబు మమత తెర ముందుకు వంగి నవ్వుతున్నాడు.

"చూడమ్మా, ఈ లింగమూర్తి గారు గట్టోడే. ఊళ్లో భార్య సారవ్వ. కాలనీలో భార్య సమ్మవ్వ. ఊళ్లో కొడుకు, కాలనీలో కూతురు. పగలు గనిలో చేసి, సాయంత్రం ఊరెళ్లి పొలం దున్నుతున్నాడంటే, ఎంత ఓపికండీ మనిషికి."

మమత తెర వంకే చూస్తున్నది. "అవును సార్" అన్నది.

ఆయన నన్ను చూశాడు. "రండి రండి, కూర్చోండి. ఎవరమ్మా?"

"మా నాయిన సార్."

"అలాగా. గనిలోనే చేస్తారాండీ? మీ పేరేంటండీ?"

నేను మంచినీళ్లు అడిగాను.

ఆయన మర్యాదస్తుడు. స్వయంగా లేచి కుండలో నుండి ముంచుకొచ్చి ఇచ్చాడు. నేను తాగుతున్నంతసేపూ ఎదురుగా నిలబడ్డాడు. ఇంతలో ఆయన ఫోన్ మోగింది. మాట్లాడుతూ బయటి వరండాలోకి పోయాడు. గ్లాసు బల్ల మీద పెట్టి మెట్లు దిగాను.

మాట కాలనీలో పాకింది. మేం చెప్పలేదు. మమత వాళ్ల ఆఫీసు కింద కిరాణం కొట్టువాడి చుట్టం మా వరుస క్వార్టర్లలోనే ఉంటాడు, అట్లా పాకి ఉంటుంది. మరునాడు బాయి దగ్గర లైట్లు ఇచ్చే గది ముందు భూపాల్ పట్టుకున్నాడు. భూపాల్ కూడా మారుపేరువాడే. ఇంట్లో ఓదెలు.

"లింగన్నా, నీ బిడ్డ కంప్యూటర్ల నీ పేరు దొరికిందట గదా" అన్నాడు.

"దొరకలే. గక్కడ్నే ఉండె."

"పరాష్కాలు గాదన్నా. రెండు పట్టికలు కలువనియ్యి. మీ బావ ఎటు పోతె అటు పోనియ్యి. ఆయనకు భూమి పైసలొస్తయి, ఎట్లన్న బతుకుతడు. నీకింక ఏడాదే ఉన్నది. సప్పుడు జెయ్యక దిగిపో. నీ బిడ్డకు జర చెప్పు, ఇయ్యాల మీ బావ ఊరు, రేపు మా ఊరు."

నేను లైటు తీసుకుని నెత్తికి పెట్టుకున్నాను.

"ఏందన్నా, ఉలుకవు పలుకవు?"

"ఇంటున్న."

"ఇని ఏం జేస్తవు?"

"డ్యూటీకి పోత."

భూపాల్ వెనకవాళ్ల దిక్కు తిరిగి, "గీయన తోని మాట్లాడుడంటే హాలర్ తోని మాట్లాడినట్టే" అన్నాడు. వాళ్లు నవ్వారు. చెడ్డవాడు కాదు భూపాల్. ఆయనకు ఇద్దరు పిల్లలు చదువుల్లో ఉన్నారు.

ఆ సాయంత్రం మమత లాప్‌టాప్ తెరవకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సమ్మవ్వ పెరట్లో ఉంది.

"నాయినా, రెండు తీర్లు ఉన్నది" అన్నది మమత. "ఒక చిన్న డబ్బా పెట్టి, మామ పేరొక్కటే ఇటు నుంచి తీసి అటు ఏస్త. ఎవ్వలికి తెల్వది. అన్ని డబ్బాల నడుమ గదొక్కటి ఎవలు జూస్తరు?"

"పెట్టకు."

"ఎందుకు?"

"గంట కొట్టకుండ తాడు లాగినట్టయితది. కింద మనిషి ఉన్నడో లేడో తెల్వది."

ఆమె లాప్‌టాప్‌ను ఒళ్లో నుండి తీసి పక్కన పెట్టింది.

"ఇంకోటేందంటే, మూడో తొవ్వ. పేరు కలిసి, ఇల్లు రెండు తావుల ఉన్నోళ్లను అటు ఇటు తొయ్యకుండ ఆపుడు. ఆళ్లను గ్రామసభకు పిలిచి అడుగుతరు. గీత గీసుడు నిమిషం పని. గీస్తె మామను పిలుస్తరు, నిన్ను పిలుస్తరు."

"గియ్యకుంటే?"

"మామ పోతడు. ఎవ్వలు అడుగరు. పట్టికలు వానకాలం ముందటే మూసేస్తరు." నా మొహం చూసింది. "గీస్తె నీ కొలువు పోతది నాయినా. క్వార్టర్ పోతది. దిగిపోయినంక రావాల్సినయి వస్తయో రావో. నేను గియ్యాల్నా వద్దా, నువ్వే చెప్పు."

నేను చెప్పులు వేసుకున్నాను. "మామనడుగుదాం" అన్నాను.

మరుసటి సెలవు రోజు ఇద్దరం బస్సెక్కి పోయాం. ఊరు సగం ఖాళీ అయి ఉంది. పోయినవాళ్లు కప్పు గూనలు, దర్వాజలు పీక్కుపోతే గోడలు మిగిలాయి. బావ ఇంట్లో లేడు. చేనులో ఉన్నాడు. ఎర్రటి ఎండలో ఎడ్లు కట్టి దుక్కి దున్నుతున్నాడు.

"పోయే భూమికి దుక్కెందుకు బావా?" అన్నాను.

"అలవాటు" అన్నాడు. నాగలి ఆపి వచ్చి రేగుచెట్టు నీడలో కూర్చున్నాడు.

మమతే చెప్పింది. డబ్బాలు, గీతలు, మూడో తొవ్వ, అన్నీ. చేతిలోని పుల్లతో దుక్కి మన్నులో గీసి చూపించింది. బావ శ్రద్ధగా చూశాడు. సారవ్వ చెంబులో అంబలి తెచ్చి, గీతలు తొక్కకుండా పక్క నుండి వచ్చి పెట్టింది. అంజి దూరంగా ఎడ్ల దగ్గర నిలబడి వింటున్నాడు.

"మంచిగ జేసినవ్ బిడ్డా" అన్నాడు బావ. "మామ ఏ తొవ్వల పోయిండో మంచిగ దొరకవట్టినవు."

"మామా, పరాష్కం గాదు. గియ్యాల్నా?"

"ఇచ్చింది మళ్ల అడుగుతరా ఎవలన్న? నేను ఒక్క షిఫ్టు దిగిన. మీ నాయిన జిందగంత దిగిండు. అడిగితే నాకంటె ఆయనే ఎక్కువ లింగమూర్తి." నా దిక్కు తిరిగి, "నువ్వు ఫికర్ జెయ్యకు బావా. తాగు, అంబలి సల్లగున్నది" అన్నాడు.

అంజి ఎడ్లను వదిలేసి వచ్చాడు. ఇరవై దాటినవాడు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు.

"నీ పేరు నువ్విచ్చుకున్నవు నాయినా, మంచిదే" అన్నాడు. "నా పేరు ముందట రాసేది కూడ గదే గదా. నన్నడిగిచ్చినవా?"

"అప్పటికి నువ్వు పుట్టలేదు రా."

"గందుకే అంటున్న."

సారవ్వ, "మామ ముందట ఏం మాటలు రా" అన్నది.

"మామను ఏమన్న అన్ననా? మామ నాకు చెడు జెయ్యలే. పట్టికల నేను కొలువున్నోని కొడుకును. మావోళ్లందరు కొలువులకు పోతాంటే నేను పోయే భూమి దున్నుకుంట ఉండాలె. గదే చెప్తున్న."

అంబలి తాగి చెంబు సారవ్వకు ఇచ్చాను. బావ లేచి మళ్లీ నాగలి పట్టాడు. మేము గట్టు మీద నుండి నడిచి రోడ్డు మీదికి వచ్చేదాకా ఆయన దున్నుతూనే ఉన్నాడు. అంజి సాలు వెనకే నడుస్తున్నాడు.

బస్సులో మమత కిటికీ పక్కన కూర్చుంది. ఓపెన్‌కాస్టు మట్టి దిబ్బలు వచ్చాయి. అవి అప్పటికే గుట్టంత అయ్యాయి.

"మూడో తొవ్వ పెట్టు" అన్నాను.

ఆమె నా వైపు చూసి, మళ్లీ కిటికీ వైపు తిరిగింది. చాలా దూరం పోయాక అడిగింది.

"అవ్వకు చెప్పినవా?"

"నువ్వు చెప్పు."

సమ్మవ్వకు మమత చెప్పినప్పుడు నేను గడపలో కూర్చుని ఉన్నాను. ఆమె పెరట్లో మునగచెట్టుకు నీళ్లు పోస్తున్నది. అంతా విని, "క్వార్టర్ ఇడిచిపెట్టాల్నా?" అని నన్ను ఒక్కమాట అడిగింది.

"ఆఁ."

ఆమె నీళ్లు పోయడం ఆపలేదు. పాదు నిండి నీళ్లు గడప దాకా వచ్చాయి. చెప్పులు తీసి పక్కన పెట్టాను.

సత్తిబాబు మొదట ఒప్పుకోలేదట. "మనకిచ్చిన పని రెండు పట్టికలేనమ్మా. మూడోది అడగలేదు వాళ్లు. ఉన్నదానికి మళ్లీ గీతలెందుకు?" అన్నాడట. మమత ఆయనకు ఇద్దరు భార్యల లింగమూర్తినే చూపించింది. "ఈయన ఒక్కడా, ఇద్దరా సార్? ఒక్కడే అని మనం రాసిచ్చినంక, రేపు రెండో ఆయన కాగితం పట్టుకొని వస్తె ఎవల మెడకు చుట్టుకుంటది?" సత్తిబాబు తన మెడ తడుముకుని, "గీయమ్మా" అన్నాడట.

ఆమె గీసింది. దీపాలు పచ్చగా అయ్యాయని ఇంటికొచ్చి చెప్పింది. మూడో తొవ్వలో ముగ్గురు నలుగురు మాత్రమే తేలారు. అందులో మేమే ఇద్దరం.

గ్రామసభ మిరుగు కార్తె వచ్చాక పెట్టారు. అప్పటికి ఒక వాన పడింది. బావ దున్నిన చేను నానిందట. బడి ఆవరణలో టెంటు వేశారు. బల్ల వెనుక రెవెన్యూ సారు, ఆయన పక్కన కంపెనీ ఆఫీసు గుమాస్తా. కింద జంపఖానాల మీద ఊరివాళ్లు. మగవాళ్లు ఒక దిక్కు, ఆడవాళ్లు ఒక దిక్కు. నన్ను రమ్మని కంపెనీ ఆఫీసు నుండి కబురు వచ్చింది. సమ్మవ్వ కూడా వస్తానన్నది. ఆమెకు అది పుట్టినూరు. ఆడవాళ్లలో ముందు వరుసలో, నాకు నాలుగడుగుల దూరంలో కూర్చుంది. మమత సత్తిబాబుతో కలిసి బల్ల చివర లాప్‌టాప్ పట్టుకుని ఉంది. పిలవాల్సిన పేర్లు ఆమే ఒకటొకటిగా సారుకు చూపిస్తున్నది.

నేను జేబులో రుమాలు పెట్టుకుని కూర్చున్నాను. ఏం చెప్పాలో ఇంటి దగ్గర అనుకుని వచ్చాను. రెండు మాటలే.

సారు పట్టిక చూసి పిలిచాడు. "లింగమూర్తి, తండ్రి గట్టయ్య."

నా మోకాళ్లు లేవబోయాయి. అన్నేళ్లుగా ఆ పేరు పిలిస్తే లేచినవి అవి. రెండు చేతులూ వాటి మీద పెట్టి కూర్చున్నాను.

అవతల బావ లేచి నిలబడ్డాడు. చేతిలో తువ్వాల నలుపుతున్నాడు.

"నువ్వేనా లింగమూర్తివి?"

"నేనే సారు."

కంపెనీ గుమాస్తా నన్ను చూశాడు. ఆయనకు నేను తెలుసు. "సార్, మా దగ్గర పనిచేసే లింగమూర్తి ఈయన. హాలర్ నడుపుతాడు. లేచి నిలబడు లింగమూర్తీ" అన్నాడు.

నేను లేవలేదు. జంపఖానా మీద గుసగుస మొదలైంది. సారు కళ్లజోడు తీశాడు.

"ఏమయ్యా, నిన్నే. నీ పేరేంది?"

అనుకుని వచ్చిన రెండు మాటలూ గొంతు దాకా వచ్చాయి. ఆఫీసువాళ్ల ముందు నా నోటికి ఒక్క పేరే అలవాటు. నా సొంతది రాలేదు. మమత లాప్‌టాప్ మీద నుండి తల ఎత్తి చూస్తున్నది. సారు మళ్లీ అడిగాడు. నేను రుమాలు తీసి మొహం తుడుచుకున్నాను.

"సదయ్య."

అది సమ్మవ్వ గొంతు. కూర్చున్న చోటి నుండే, కొంగు నెత్తి మీదికి లాక్కుని చెప్పింది.

"నువ్వెవరమ్మా?" అన్నాడు సారు.

"ఆయన పెండ్లాన్ని. ఆయన పేరు సదయ్య. గా నిలవడ్డాయన మా అన్న. లింగమూర్తి ఆయననే."

ఆడవాళ్లలో ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొగుడి పేరు నలుగురిలో, అదీ రెండుసార్లు. పుట్టినింటి ఊళ్లో. సమ్మవ్వ ఎవరి దిక్కూ చూడలేదు. జంపఖానా అంచు దారం ఒకటి వేలికి చుట్టుకుంటున్నది.

సారు నన్ను అడిగాడు. "ఆమె చెప్పింది నిజమేనా?"

"నిజమే" అన్నాను. అది వచ్చింది.

ఆ తర్వాత పని తొందరగానే అయింది. గుమాస్తా కాగితం రాశాడు. చదివి వినిపించాడు. కింద సంతకం పెట్టమన్నాడు. నాకు సంతకం వచ్చు, కానీ లింగమూర్తి అనే వచ్చు. జీతానికి, సెలవుకు, బోనసుకు పెట్టి పెట్టి కళ్లు మూసుకున్నా పెట్టగలిగేది అది. నా పేరు నేను ఆఖరిసారి రాసింది మూడో తరగతిలో, పలక మీద. బల్ల మీదికి వంగి ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాను. గీత దాటి పైకి పోయింది.

"వేలిముద్ర ఎయ్యకపోయినవా" అన్నాడు గుమాస్తా.

"వచ్చు" అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సమ్మవ్వ నా పక్కన కూర్చుంది. ఖని చౌరస్తా దగ్గర దిగేటప్పుడు, "గిటు ఇను, ఉప్పు తీస్కపోవాలె" అన్నది.

సత్తిబాబుకు సంగతి అప్పుడే తెలిసింది. మరునాడు మమతను కూర్చోబెట్టి, "ముందే చెప్పొచ్చు కదమ్మా, మీ నాన్నగారని" అన్నాడట.

"చెప్తె మూడో గీత గియ్యనిచ్చేటోళ్లా సార్?"

ఆయన ఆలోచించి, "ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాడట. పనిలో నుండి తీసేయలేదు. కొన్నాళ్లు ఆమె గీసిన ప్రతి గీతకూ ఎందుకని అడిగేవాడు. తర్వాత మానేశాడు.

బావకు ఒక నోటీసు వచ్చింది. జవాబు రాసిచ్చాడు, అక్కడితో పోయింది. నాకు వచ్చింది పోలేదు. శ్రావణంలో నా కొలువు తీసేశారు. రావాల్సినవి కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. క్వార్టర్ విడిచిపెట్టి మార్కండేయ కాలనీలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. సామాను మోయడానికి భూపాల్ వచ్చాడు. బీరువా ఒక కొన పట్టుకుని, "ఇంక నిన్ను ఏమని పిలువాలె అన్నా?" అన్నాడు.

"ఎట్లన్న పిలువు."

"నాకు లింగన్న అనే వస్తది."

"గట్లనే పిలువు."

మమత సర్టిఫికెట్లలో తండ్రి పేరు లింగమూర్తి అనే ఉంది. మారుద్దామా అంటే, "మామకు బిడ్డనైతె నాకేం నష్టం నాయినా? నష్టం అంజి బావకే, చెల్లెనైత" అన్నది. సమ్మవ్వ చాలా రోజుల తర్వాత నవ్వింది.

మరుసటి ఏడు తెలంగాణ వచ్చింది. ఖని అంతా డప్పులు, గులాలు. ఆ సంబురం తగ్గక ముందే అంజికి కొలువు కాగితం వచ్చింది. నేను చేసిన బాయికే వేశారు. మొదటి షిఫ్టు నాడు బావ రాలేదు. బాయి మొహం చూడలేనన్నాడు. నన్ను తోడు పొమ్మన్నాడు. తెల్లారకముందే అంజితో షేర్ ఆటోలో పోయాను.

నన్ను గేటు లోపలికి పోనివ్వరు ఇప్పుడు. బయట చాయ్ డబ్బా దగ్గర నిలబడ్డాను. అంజి కొత్త బూట్లతో టకటక నడిచి లైట్లిచ్చే గది ముందు వరుసలో నిలబడ్డాడు. గదిలోని మనిషి కిటికీలో నుండి తల బయట పెట్టి అరిచాడు.

"లింగమూర్తి కొడుకు ఎవలు?"

అంజి చెయ్యెత్తి ముందుకు పోయాడు.

గేటు బయట నేను కూడా చాయ్ గ్లాసు కింద పెట్టి రెండడుగులు వేశాను.

అలవాటు.